ఉప్పు సోల

కారేపల్లి,
నవంబరు 4, 2004

చి. జ్యోత్స్నకు,

ఇక్కడ నేను క్షేమం, ఎడమ మోకాలు తప్ప. నిన్న నువ్వు ఫోన్లో అరగంట మాట్లాడిన దాంట్లో నాకు వినబడినవి రెండే: జనరేటర్ చప్పుడు, "నష్టం" అన్న మాట. ఇకమీదట నీ లాండ్రీ సంగతులు ఉత్తరంలో రాయి. ఫోన్లో చెప్పిన అంకె గాల్లో పోతుంది. కాగితం మీది అంకెను నిలబెట్టి ప్రశ్నలడగొచ్చు.

నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదని నీకు తెలుసు. ఎక్కడ కారిపోతున్నదో తెలియదు. లోడుకు సబ్బుపొడి ఎంత వేస్తారని అడిగితే "పిడికెడు" అన్నావు. ఎవరి పిడికిలి? ఒకటో మెషీన్ దగ్గరుండే జంపక్క అరచేయి చాటంత ఉంటుందని నువ్వే ఒకసారి చెప్పావు. రెండో మెషీన్ యశోదది చిన్నపిల్ల చెయ్యన్నావు. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయినదాన్ని, నా సొంత మనవరాలి నోట పిడికిలి కొలత వినడానికేనా ఇన్నాళ్ళు బతికింది?

ఒక పుస్తకం పంపుతున్నాను. గీతలు నేనే గీశాను. ఒక్కో లోడుకు ఒక్కో వరుస. తేదీ, మెషీను, బట్టలు లాడ్జీవా దవాఖానావా, ఎన్ని కిలోలు, సబ్బు ఎన్ని సోలలు, ఎన్ని నిమిషాలు తిరిగింది, కరెంటు మీదనా జనరేటర్ మీదనా, మరక పోక తిరిగి ఉతికినవి ఎన్ని. చిట్టచివర "రిమార్కులు" అని ఒక గడి. దానికి అరంగుళమే ఇచ్చాను. మనుషులకు జాగా ఇస్తే కథలు రాస్తారు. రాయడం రానివాళ్ళు నిలువు గీతలు గీస్తే చాలు. అబద్ధం చెప్పడానికి గీత కన్నా అక్షరమే అనువు, కాబట్టి వాళ్ళ పేజీలే నీకు ఎక్కువ పనికొస్తాయి.

పుస్తకంతో పాటు రెండు ఇత్తడి సోలలు కట్టాను. ఒకటి మన వంటింట్లో బియ్యం కొలిచేది. ఇంకోటి పాత ట్రంకు పెట్టెలోది. మెషీన్‌కు ఒకటి. తలకొట్టి పోయమను, గోపురాలు కట్టొద్దని చెప్పు.

మూట తెచ్చేది బస్సు డ్రైవరు సమ్మయ్య. నా దగ్గర ఏడో తరగతి రెండుసార్లు చదివాడు. దారిలో పారేసేంత ధైర్యం లేదు.

మీ అమ్మమ్మ,
కమ్లి

*

భద్రాచలం,
నవంబరు 27, 2004

అమ్మమ్మా,

మూట చేరింది. "టీచరమ్మకు ముట్టిందని జల్దీ రాయి, లేకుంటె నన్ను మల్ల ఏడుల కూసోబెడ్తది" అన్నాడు సమ్మయ్య.

పుస్తకం మొదలుపెట్టిన తొమ్మిదో రోజుకే ఒక దొంగ దొరికింది. డ్రయ్యర్! లాడ్జీల నుంచి వచ్చిన తువాళ్ళూ చద్దర్లూ కలిపి అందులో వేస్తున్నాం. చద్దర్లు ఎప్పుడో ఆరిపోయినా, తువాళ్ళ కోసం ఇంకో ఇరవై నిమిషాలు ఊరికే తిరుగుతున్నాయి. నిమిషాల గడి చూడకపోతే నాకు ఏనాటికీ తట్టేది కాదు. విడదీసి వేస్తున్నాం ఇప్పుడు. జనరేటర్ తాగే డీజిల్ రోజుకు నాలుగు లీటర్లు తగ్గింది. నువ్వు ఇక్కడుంటే నీ కాళ్ళకు దండం పెట్టేదాన్ని, మోకాలి జోలికి పోకుండా.

సోలలు వచ్చిన రోజు ఒక తమాషా జరిగింది. రెండూ టేబుల్ మీద పెట్టాను. యశోద వంటింటి సోల తీసుకుంది. జంపక్క పాతదాన్ని చేతిలోకి తీసుకుని, అంచు మీదున్న మూడు గాట్లను బొటనవేలితో తడిమింది. తిప్పి అడుగున తట్టింది.

"గిది నాకెర్కనే. ఉప్పు సోల" అంది.

"ఇత్తడి సోలలన్నీ ఒక్కతీరుగనే ఉంటయి కదా జంపక్కా" అన్నాను.

"అవ్ బిడ్డా. బయటికెళ్లి అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి" అని నవ్వి మెషీన్ దగ్గరికి పోయింది.

ఆ నవ్వేమిటో నాకు అంతు పట్టలేదు. ఆ గాట్లు ఎవరు పెట్టారమ్మమ్మా? వాటికేమైనా కథ ఉందా?

వంటింటి సోలను తూచాను. తలకొట్టి పోస్తే మూడు వందల గ్రాముల పొడి పట్టింది. రెండోదాన్ని తూచలేదు, సోల సోలే కదా. మొదటి రెండు వారాల పేజీలు జిరాక్స్ తీసి పంపుతున్నాను. ఎర్ర సిరా ఎక్కువ వాడకు.

నీ జ్యోత్స్న

*

కారేపల్లి,
డిసెంబరు 9, 2004

చి. జ్యోత్స్నకు,

పేజీలు చూశాను. ఎర్ర సిరా తక్కువే వాడాను. నువ్వు ఏడును ఒకటిలా రాయడం ఇంకా మానలేదు. డ్రయ్యర్ సంగతి పట్టుకున్నందుకు సంతోషం. ఖర్చు ఎప్పుడూ పెద్ద తలుపులోంచి పోదు, ఇలాగే కిటికీ సందుల్లోంచి పోతుంది.

ఇక అసలు సంగతి. నీ రెండు మెషీన్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. ఒక్కోటి ఇరవై అయిదు కిలోలు పడుతుంది. యశోద లోడుకు రెండు సోలల సబ్బు వేస్తున్నది. జంపక్క మూడు. ఒకరోజు పొరపాటు కాదు, పద్నాలుగు రోజులూ మూడే. రెండు మెషీన్లలోంచీ బట్టలు ఒకేలా తెల్లగా వస్తున్నాయని నీ పేజీలే చెబుతున్నాయి. అలాంటప్పుడు ఆ మూడో సోల ఎక్కడికి పోతున్నట్టు? సబ్బుకు కాళ్ళు లేవు. ఎవరో ఒకరు ఎత్తుకుంటే తప్ప నడవదు.

ఆమెను అడుగు. మర్యాదగానే అడుగు, కాని అడుగు. సరైన జవాబు రాకపోతే ఏం చేయాలో యజమానివి, నీకు తెలియాలి. జాలి చూపాలనుకుంటే ఆ పని లాండ్రీ బయట చెయ్యి.

గాట్ల సంగతి అడిగావు. పాత సామాను, ఎవరికి గుర్తుంటుంది.

మీ అమ్మమ్మ,
కమ్లి

*

భద్రాచలం,
డిసెంబరు 24, 2004

అమ్మమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేసిన రెండు రోజులకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

జంపక్క ఈ లాండ్రీ తెరిచిన రోజు నుంచీ నాతో ఉన్న మనిషి. దుమ్ముగూడెం దారిలో వాళ్ళ ఊరు, అక్కడి నుంచి రోజూ మొదటి ఆటోకు వచ్చేది. దవాఖానా చద్దర్ల మీద నెత్తుటి మరకలకు ముందు చన్నీళ్ళే పోయాలని, వేడినీళ్ళు తగిలితే మరక ముదిరిపోతుందని నాకు నేర్పింది ఆమే. ఆ గుడ్డలు ముట్టడానికి మిగతావాళ్ళు మొహం తిప్పుకుంటే, తనే ఏరి ఒకటో మెషీన్‌లో వేసుకునేది.

మధ్యాహ్నం కరెంటు పోయి అందరూ ఊరికే కూర్చున్నప్పుడు అడిగాను.

"జంపక్కా, లోడుకు మూడు సోలలు పోస్తున్నవెందుకు?"

"మూడు పోస్తెనే నురగ లేస్తది."

"యశోదకు రెండింటికే లేస్తున్నది కదా?"

"లేస్తది."

"మరి?"

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నన్నెందుకడుగుతవ్ బిడ్డా? మీ సోలనడుగు."

అందరి ముందూ అంది. యశోద కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "సబ్బు ఇంటికి కొండవోతున్నవా ఏంది?" అనేశాను. అలా అనాలని అనుకోలేదమ్మమ్మా. నోట్లోంచి వచ్చేసింది.

ఆమె టేబుల్ మీది పుస్తకం వైపు చూసింది. తర్వాత, "రాసుకో" అంది. "నీ బుక్కుల రాసుకో. రాసి సదువు, నేనింటా."

నాకూ పంతం వచ్చింది. ఆ రోజు వరుసలో, రిమార్కుల గడిలో, "సబ్బు లోటు. పని మాన్పించడమైనది" అని రాసి, చదివి వినిపించాను. ఆమె దగ్గరికొచ్చి ఆ గడి మీద వేలు పెట్టి, "గిదేనా?" అని అడిగింది. అవునన్నాను. చేతిలో సగం మడిచిన చద్దరుంటే, పూర్తిగా మడిచి, దొంతర మీద పెట్టి, వెళ్ళిపోయింది.

నేను చేసింది సరైనదేనా? నువ్వు అవునంటే నమ్ముతాను.

జ్యోత్స్న

*

కారేపల్లి,
జనవరి 8, 2005

చిరంజీవి జ్యోత్స్నకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందినది. ఇక్కడ అందరమూ కుశలము. చలి బాగా ఉంది. పక్కింటి వాళ్ళ మేక నా కనకాంబరాలు తినిపోయింది. మిరపకాయ ఆరబెట్టిన ఘాటుకు వీధంతా తుమ్ముతున్నది.

పుస్తకం శ్రద్ధగా నడుపుతున్నావు. జరిగిందేదో జరిగింది. యజమానులకు ఇలాంటివి తప్పవు.

ఒక చిన్న విషయం. ఆ పాత సోలను సమ్మయ్య చేతికిచ్చి వెనక్కి పంపు. దానికి సొట్టలు పడ్డాయి. బజార్లో ప్లాస్టిక్ కొలత గ్లాసులు దొరుకుతాయి, కొనుక్కో.

ఉంటాను.

కమ్లి

*

భద్రాచలం,
ఫిబ్రవరి 5, 2005

అమ్మమ్మా,

సోల పంపడం లేదు. ఎందుకో వరసగా చెప్తాను. నువ్వు నేర్పినట్టే, ఒక్కో వరుసా.

జంపక్క వెళ్ళిపోయాక ఒకటో మెషీన్ దగ్గర చాంది అనే అమ్మాయిని పెట్టాను. మన తండా పిల్లే, అమ్మ పంపింది. మొదటి రోజు రెండు సోలలు వేయమన్నాను. నురగ రాలేదు. బట్టలు జిడ్డుగా వచ్చాయి. మర్నాడు తనంతట తనే మూడు వేసింది. తెల్లగా వచ్చాయి. ఆ పేజీలో మూడు గీతలు చూసి కూడా చాందిని నేను ఏమీ అనలేదు. ఏదో కారణం ఉండి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకున్న మరుక్షణం నాకు చాలా సిగ్గేసింది. జంపక్క విషయంలో నాకు ఆ మాట ఎందుకు తట్టలేదు?

నెలాఖరున బస్తాలు లెక్కపెట్టాను. జనవరిలో రెండు మెషీన్లూ చెరి రెండు వందల లోడ్లు ఉతికాయి. యశోదవి నాలుగు వందల సోలలు, చాందివి ఆరు వందలు, మొత్తం వెయ్యి. సోలకు మూడు వందల గ్రాముల చొప్పున మూడు వందల కిలోలు. అంటే ఆరు బస్తాలు ఖాళీ కావాలి. నేను తెరిచింది అయిదే. అయిదో దాంట్లో ఇంకా పది కిలోలు ఉంది.

మూడుసార్లు కూడాను. దొంగ ఉంటే బస్తా తరగాలి కదా అమ్మమ్మా. ఇక్కడ బస్తా మిగిలింది! కొన్నదాని కన్నా ఎక్కువ సబ్బు మేం ఎలా వాడగలిగాం? వెనక్కి వెళ్ళి జంపక్క ఉన్న రోజులకూ ఇలాగే చూశాను. అప్పుడూ ఇంతే.

అప్పుడు తూచాను, మొదటి రోజే తూచాల్సిన ఆ సోలను. రెండు వందల గ్రాములే పట్టింది. లోపల వేలు పెట్టి చూస్తే అడుగు పైకి ఉంది. బయట చూస్తే కిందకు ఉంది. మధ్యలో ఇంకో రేకు, టంకం వేసి ఉంది. పనితనం చాలా బాగుంది.

ఇక్కడ దవాఖానా చద్దర్లలో తిరిగి ఉతికేవి వారానికి వారం పెరుగుతున్నాయి. మరకలు జంపక్కలా చూసేవాళ్ళు లేరు. ఇంకో నెల చూసి వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని అక్కడి మేనేజరు చెప్పి పంపాడు. దవాఖానా బట్టలు పోతే నేను ఒక మెషీన్ అమ్ముకోవాలి. అదట్లా ఉంచు.

నువ్వు వెనక్కి అడిగింది ఈ ఒక్క సోలనే. వంటింటిది అడగలేదు. నీకు తెలుసా?

నువ్వు చెప్పకపోతే జంపక్కను అడుగుతాను. ఆమెకు తెలుసు.

జ్యోత్స్న

*

కారేపల్లి,
ఫిబ్రవరి 16, 2005

జ్యోత్స్నా,

తెలుసు.

ఈ ఒక్క మాట రాసి కాగితం నాలుగు రోజులు బల్ల మీదే పెట్టాను. మేక వచ్చి దీన్ని కూడా తినేస్తే బాగుండుననుకున్నాను. అది కనకాంబరాలు తప్ప తినదు.

మా నాన్న పేరు హాతీరాం. నువ్వు చూడలేదు. ఎడ్ల మీద ఉప్పు బస్తాలు వేసుకుని అడవి ఊళ్ళ సంతలకు పోయేవాడు. ఉప్పు ఇచ్చి చింతపండు, ఇప్పపువ్వు, కుంకుడుకాయలు తెచ్చేవాడు. ఆయన సంచిలో రెండు సోలలుండేవి, రెండిటి అంచుకూ మూడేసి గాట్లు. వాళ్ళ దగ్గర తీసుకునేటప్పుడు ఒకటి, వాళ్ళకు ఇచ్చేటప్పుడు ఒకటి. ఇచ్చేదాని లోపల ఇంకో అడుగు.

నాకు పదమూడేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, ఒకసారి నన్నూ సంతకు తీసుకుపోయాడు. ఉప్పు సంచి మూతి పట్టుకోవడం నా పని. ఒకామె చిన్నపిల్లను వెంటబెట్టుకుని వచ్చి చింతపండు గంప దించింది. నాన్న నాలుగు సోలల ఉప్పు కొలిచి ఆమె కొంగులో పోశాడు. ఆమె కొంగును చేత్తో ఎత్తి బరువు చూసి, "గింతేనా?" అంది. నాన్నకు కోపం రాలేదు. కోపం వస్తే బేరం పోతుందని ఆయనకు తెలుసు. నన్ను చూపించాడు. "నా బిడ్డ. ఖమ్మంల హాస్టల్ల ఉండి సదువుతది. లెక్కలల్ల ఫస్టు. ఎన్ని పోసిననో ఆమెనే అడుగు" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. నన్నెవరైనా పెద్దమనిషి అలా నమ్మకంగా చూడటం అదే మొదటిసారి.

"నాలుగే" అన్నాను.

అబద్ధం కాదు. నాలుగుసార్లే పోశాడు. ఆమె కొంగు ముడివేసుకుని వెళ్ళిపోయింది. సోల లోపల ఏముందో నాకు అప్పటికే తెలుసు, దాన్ని ఇంట్లో రోజూ తోమేది నేనే కాబట్టి.

ఆ వెంట ఉన్న పిల్ల జంపక్కేనని రాయను. అంత చక్కగా తేలే లెక్కల్ని నేను పరీక్ష పేపర్లో కూడా నమ్మను. కాని ఆ సంతలకు వచ్చిన పిల్లల్లో ఒకతి అయ్యుంటుంది. గాట్లను వేలితో గుర్తుపట్టిందంటే, వాళ్ళ ఇంట్లో ఆ సోల గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో!

తండాలో మొట్టమొదట మెట్రిక్ పాసైన ఆడపిల్లనని ఊరంతా చెప్పుకునేది. నా హాస్టలు, నా పుస్తకాలు, నా టీచర్ ట్రైనింగు అన్నీ ఆ రెండో అడుగు మీద నిలబడ్డవే. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు కొలతల పాఠం చెప్పాను. కొలత పాత్ర సరిచూడకుండా కొలవడం దండగని బోర్డు మీద రాశాను. పిల్లలు కాపీ చేసుకున్నారు.

నీకు సోలలు కట్టేటప్పుడు ట్రంకు పెట్టెలోంచి తీసింది గాట్లున్న సోల అని చూశాను. లోపల చూడలేదు. రెండిట్లో ఇది మంచిదే కావచ్చులే అనుకున్నాను. తిప్పి చూస్తే తేలిపోయేది. చూడకపోవడం నాకు ఆ సంతనాటి నుంచీ బాగా అలవాటు.

నీ ఉత్తరంలో "ఉప్పు సోల" అన్న మాట చదవగానే అనుమానం వచ్చింది. మూడుకు రెండు అన్న నిష్పత్తి చూడగానే సందేహం తీరిపోయింది. లెక్కల టీచర్ని కదా. అయినా కలం తీసుకుని "సబ్బుకు కాళ్ళు లేవు" అని నీకు రాశాను. రాశాక, వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. ఇది చెప్పకుండా దాచుకుంటే ఈ ఉత్తరానికి కూడా రెండో అడుగు వేసినట్టే.

నాన్న పేరు పోతుందనుకున్నాను. ఆయన పేరు కాపాడటానికి బతికున్న మనిషి పేరు తీశాను. ఆమె దొంగ అయితే గీతలు సరిగ్గా గీసేదా చెప్పు? ప్రతి లోడుకూ ఎన్ని పోసిందో అన్ని గీతలూ గీసింది. ఒక గీత తగ్గించి ఉంటే నాకు అనుమానమే వచ్చేది కాదు. నిజం రాసినందుకే పట్టుబడింది.

నువ్వు ఆమె దగ్గరికి పో. నా పేరు చెప్పు, నాన్న పేరూ చెప్పు. ఆమె ఏమంటే అది, మంచి మాటల్లోకి మార్చకుండా, ఉన్నదున్నట్టు నాకు రాయి.

కమ్లి

*

భద్రాచలం,
మార్చి 6, 2005

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత ఆ కోపంలో సగం నాదేనని తేలింది. తూచకుండా మనిషిని అన్నది నేను.

జంపక్క వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుతున్నది. నన్ను చూసి లేవలేదు. నేను అంతా చెప్పాను. సంత సంగతి, మీ నాన్న సంగతి, నువ్వు తెలిసీ చెప్పకపోవడం. ఆమె ఏరడం ఆపలేదు. నేను కూడా పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. వాడిపోయినవి ఏరుతున్నానని నా చేతి మీద కొట్టింది.

ఆమె అన్నది ఉన్నదున్నట్టు రాయమన్నావు. రాస్తున్నాను.

"నీకు మొదటి రోజే ఎర్క కదా జంపక్కా. ఎందుకు చెప్పలే?"

"చెప్పిన కదా. సోలనడుగుమన్న."

"జర విడమరిచి చెప్తే అయిపోతుండె కదా?"

"మా అమ్మ విడమరిచే చెప్పింది, గా సంతల, అందరి ముందల. ఎవలిన్నరు?"

ఏరిన పువ్వు ఆమె ముందు పోశాను. పనికి రమ్మని అడిగాను. నవమికి లాడ్జీలన్నీ నిండిపోతాయని, దవాఖానా వాళ్ళు పోయేలా ఉన్నారని, నా అవసరం దాచకుండా చెప్పాను.

"నీ బుక్కుల నేనింక దొంగనే ఉన్న. దొంగ పనికెట్ల వస్తది?"

"ఇయ్యాలనే కొట్టేస్త."

"నువ్వు కాదు. నీతోని రాయించినామె రావాలె. గదే గడిల ఆమె చేత్తోని రాయాలె. రాసి సదవాలె. యశోద ఇనాలె, గా కొత్త పిల్ల ఇనాలె."

"మా అమ్మమ్మకు మోకాలు నొప్పి జంపక్కా. ఇంత దూరం..."

"నాకూ నొప్పే. రోజు వస్తలేనా?" అంది. నేను లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచింది. "బస్సుల ముంగటి సీటు సూసుకోమను. ఎనక సీటైతే గుంతలకు మోకాలు పోతది."

ఇంతే అన్నది. ఇంకేమీ అనలేదు.

జ్యోత్స్న

*

భద్రాచలం, నీ కుర్చీలోంచి,
మార్చి 19, 2005

జ్యోత్స్నా,

చెప్పకుండా వచ్చాను. చెబితే నువ్వు బస్టాండుకు వచ్చేదానివి, దారంతా నన్ను ఓదార్చేదానివి. నువ్వు మెషీన్ బెల్టు కోసం ఖమ్మం పోయావని ఇక్కడికొచ్చాక యశోద చెప్పింది. మంచిదే అయింది. ఇప్పుడు నాలుగు గంటల బస్సుకు పోవాలి, కాబట్టి ఇది రాసి పుస్తకంలో పెట్టిపోతున్నాను. సమ్మయ్య ముందు సీటే ఇచ్చాడు.

జంపక్కకు యశోద చేత కబురు పంపాను. ఒంటిగంటకు వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. నేను ఆమె మొహంలో ఆ సంతలో చూసిన పిల్ల కోసం వెతికాను. దొరకలేదు. నా వయసు మనిషి కనబడింది.

డిసెంబరు 22 పేజీ తీశాను. నీ అక్షరాలు ఉన్న గడి మీద ఆమె తనే వచ్చి వేలు పెట్టింది. ఇన్ని నెలల తర్వాత, చదువు రాని మనిషి, వెతుక్కోకుండా నేరుగా అక్కడే పెట్టింది.

నీ మాటలు కొట్టేసి ఇలా రాశాను: "సోల తప్పు. జంపక్కది కాదు. ఆమె గీతలన్నీ నిజం. ఈ సోల మా నాన్న హాతీరాంది. లోపలి అడుగు సంగతి తెలిసీ దాచింది నేను, కమ్లి." అరంగుళం గడిలో "సోల తప్పు" వరకే పట్టింది. మిగతాది మార్జిన్లోకి పోయి, అక్కడా చాలక, మర్నాటి వరుసల మీదకు ఎక్కింది. మనుషులకు జాగా ఇస్తే కథలు రాస్తారని నేనే కదా అన్నాను.

యశోద, చాంది వింటుండగా పైకి చదివాను. జంపక్క విని, "మిషిన్ చప్పుడుల ఇనవడలే. బంద్ చేపిచ్చి మల్ల సదువు" అంది. రెండు మెషీన్లూ ఆపించింది. మళ్ళీ చదివాను. నా గొంతు ఎలా ఉందో యశోదను అడుగు, నేను చెప్పను. ఎందరు పిల్లల్ని నిలబెట్టి రెండోసారి చదివించానో ఆ నిమిషంలో అందరూ గుర్తొచ్చారు.

సంచిలో ఉప్పు తెచ్చాను. మన వంటింటి సోల నీ దగ్గరే ఉంది కాబట్టి, అంతే పట్టే ఇంకోటి సంపాదించి, గోపురం కట్టి మరీ కొలిచి తెచ్చాను. ఆమె మూట విప్పి చూసి, "ఇప్పుడు ఉప్పు పాకిట్లల్ల వస్తది" అని మళ్ళీ ముడేసి నా పక్కన పెట్టింది. తీసుకోలేదు. పోనీలే అనలేదు. నేనూ అడగలేదు. తిరిగి మోసుకుపోతున్నాను, బరువుగానే ఉంది.

ఆ లోపలి రేకు ఊడగొట్టిస్తానన్నాను. వద్దంది. "ఉండనీ. కొత్తగ పనికొచ్చినోళ్లకు ఏలు వెట్టి సూపెడ్త" అని మెషీన్ పైన గూట్లో బోర్లించింది. సబ్బు ఇప్పుడు నువ్వు కొన్న ప్లాస్టిక్ గ్లాసుతోనే పోస్తున్నది. పోసే ముందు దాన్ని కూడా తూచింది. నువ్వు నేర్చుకో.

ఆమె పనిలోకి వచ్చినట్టే. వచ్చానని చెప్పలేదు, దవాఖానా మూట విప్పి మరకలున్నవి ఒక పక్కకు ఏరడం మొదలుపెట్టింది. నేను ఏం చేయాలో తెలియక నిలబడి ఉన్నాను.

"నిలవడి సూస్తవేంది? ఆ అంచు పట్టు" అంది.

చద్దరు మడవాలంటే ఇద్దరు కావాలి కదా. పట్టాను.

"గుంజకు! చద్దరది, నీ బడి పోరడు కాదు."

గుంజడం తగ్గించాను. మూల మూలకు కలపాలట, నేను కలిపితే ఒక పక్క జారిపోతున్నది. జారినప్పుడల్లా ఆమె నా చేతుల్లోంచి లాక్కుని విదిలించి, మళ్ళీ మొదటి నుంచి పట్టించింది.

ఈ రోజు వరుసలో నా పేరు కూడా రాశాను, చూసుకో. మడత: కమ్లి. ముప్ఫై రెండు చద్దర్లు. తిరిగి మడిచినవి అని నేను రెండు గీతలు గీయబోతే, జంపక్క నా చేతిలోంచి కలం తీసుకుని తనే గీసింది. అయిదు.

జారినవి గుర్తుచేసుకుని లెక్కపెట్టి చూశాను. అయిదే.

కమ్లి